పువ్వు కోసం ఆగకండి: చెట్లనూ పొదలనూ ఆకుతో గుర్తుపట్టడం

(ఉదయపు నడకకు ముందు ఒక విశ్రాంత వృక్షశాస్త్ర ఉపాధ్యాయిని చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయిన మిత్రుల కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లు కాస్త ముందుకు రండి. నేను చూపించబోయేవి ఆకులు, వాటి కాడలు, కాడల మొదట్లో ఉండే ఆవగింజంత మొగ్గలు. అంత దూరం నుంచి కనిపించవు. రండి, రండి, ఇక్కడ చోటుంది.

ముందుగా చిన్న పరీక్ష. నా చేతిలో ఎన్ని ఆకులున్నాయి? లెక్కపెట్టండి. పదకొండా? మీరేమంటారు? పదమూడు. ఇంకెవరైనా? సరే. నా చేతిలో ఉన్నది ఒక్క ఆకు. నిజంగానే ఒక్కటే. ఇది వేపాకు. ఈ పంటి అంచుల చిన్న పచ్చటి ముక్కను మనం వేపాకు అంటాం కదా, అది ఆకు కాదు, ఆకులో ఒక భాగం. దాని పేరు పత్రకం. ఈ నడిమి ఈనె, దాని మీదున్న పత్రకాలన్నీ కలిస్తే ఒక ఆకు.

నేను చెబితే నమ్మేయడమేనా? నమ్మకండి. రుజువు అడగండి. రుజువు ఈ కొమ్మ మీదే ఉంది. ఆకు కాడ కొమ్మను తాకే చోట, పైవైపు మూలలో, చిన్న మొగ్గ ఉంటుంది. చూడండి, ఇదిగో. ఇప్పుడు ఈ పత్రకం మొదట్లో చూడండి. ఏమైనా ఉందా? లేదు. ఏ పత్రకం దగ్గరా లేదు. మొగ్గ ఎక్కడుందో ఆకు అక్కడ మొదలవుతుంది. పచ్చటి ముక్క ఎంత పెద్దదైనా, ఎంత చిన్నదైనా, లెక్క ఇదే. పుస్తకాల్లో దీన్ని గ్రీవపు మొగ్గ అని రాస్తారు. పేరు మరిచిపోయినా పరవాలేదు, చోటు మరిచిపోకండి. ఈ ఉదయమంతా నేను ఆ చోటు చుట్టూనే తిరుగుతుంటాను.

ఎందుకింత పట్టుదల అంటారా? మనలో చాలామందికి చెట్టు పూసినప్పుడే కనిపిస్తుంది. ఎర్రగా పూస్తే తురాయి, పసుపు గుత్తులు వేలాడితే రేల. బాగానే ఉంది. మరి పూయని రోజుల్లో? చాలా చెట్లు ఏడాదిలో కొన్ని వారాలే పూస్తాయి. మిగతా కాలమంతా వాటికి పేరు ఉండదా?

నా సంగతే చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో పిల్లలను చెట్ల కిందికి తీసుకెళ్లాను. సన్నటి పత్రకాలతో, పక్షి ఈకలాంటి ఆకులున్న చెట్టు ఒకటి. పువ్వు లేదు, కాయ లేదు. నేను చాలా ధీమాగా "ఇది తురాయి" అన్నాను. పిల్లలు రాసుకున్నారు. కొన్ని నెలలు గడిచాయి. ఒకరోజు తరగతిలోకి వెళ్లేసరికి బల్ల మీద గుప్పెడు నీలి ఊదా పువ్వులున్నాయి. ఎవరు పెట్టారో చెప్పలేదు. ఎవరూ నవ్వలేదు కూడా, అదే ఎక్కువ బాధ. అది తురాయి కాదు, జకరాండా. ఆ చెట్టు మొదటి రోజే నాకు చెప్పింది, నేనే వినలేదు.

ఏమని చెప్పింది? రెండింటి ఆకులూ పక్కపక్కన పెడుతున్నాను, చూడండి. రెండూ రెండుసార్లు చీలిన సంయుక్త పత్రాలే, అంటే పత్రకాలుగా విడిపోయిన ఆకులే. నడిమి ఈనె, దాని నుంచి పక్క ఈనెలు, వాటి మీద వరసగా పత్రకాలు. ఆకు ఒక్కటే చూస్తే ఎవరైనా పొరబడతారు. ఇప్పుడు ఆకును వదిలేసి కొమ్మను చూడండి. తురాయి కొమ్మ మీద ఆకులు ఒకటి ఇటు, కాస్త పైన ఇంకొకటి అటు. ఇది ఏకాంతరం. జకరాండా కొమ్మ మీద ఒకే కణుపు దగ్గర రెండు ఆకులు, ఎదురెదురుగా. ఇది అభిముఖం. ఇంతే తేడా. దీనికి పువ్వు అక్కర్లేదు, చదువు కూడా అక్కర్లేదు, నాకున్నంత ధీమా అసలే అక్కర్లేదు.

ఇంకో గుర్తు కూడా చెబుతాను. తురాయి లేత ఆకు కాడ మొదట్లో, అటూ ఇటూ, చిన్న దువ్వెనల్లాంటివి రెండు ఉంటాయి. అవి పత్రపుచ్ఛాలు. జకరాండాకు అవి ఉండవు. కాయలు దొరికితే సందేహమే లేదు. తురాయి కాయ పొడవాటి బద్ద, గట్టిగా, కత్తి ఒరలా వేలాడుతుంది, ఒక్కోటి 60 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. జకరాండా కాయ గుండ్రటి బిళ్ల, ఎండితే రెండు చిప్పలుగా విడిపోతుంది. ఈ రెండు చెట్లకూ చుట్టరికమే లేదు. తురాయి మడగాస్కర్ నుంచి వచ్చిన చిక్కుడు కుటుంబపు చెట్టు, జకరాండా దక్షిణ అమెరికా నుంచి వచ్చింది, దాని కుటుంబమే వేరు. ఆకు రూపం కలిసింది, అంతే.

పచ్చ తురాయిని కూడా ఇక్కడే చెప్పేస్తాను. దానిదీ ఇలాంటి ఆకే, ఏకాంతరమే. కానీ లేత చిగుళ్ల మీద, మొగ్గల మీద తుప్పు రంగు నూగు ఉంటుంది, వేలితో తాకితే మఖమల్‌లా తగులుతుంది. కాయలు పొట్టివి, పలచనివి, రాగి రంగువి, రెండు అంచులా రెక్క ఉన్నట్టుంటాయి. గుత్తులుగా చెట్టు మీద చాలాకాలం ఉండిపోతాయి.

ఈకల ఆకుల చెట్లు మరో రెండున్నాయి, వాటినీ కలిపేస్తుంటారు. నిద్రగన్నేరు, దిరిసెన. నిద్రగన్నేరు ఆకులో పత్రకాలు కొనకు వెళ్లేకొద్దీ పెద్దవవుతాయి, చివరి జత అన్నిటికన్నా పెద్దది. సాయంత్రం అవుతుండగా అవి ముడుచుకుంటాయి, మబ్బు బాగా కమ్మినా ముడుచుకుంటాయి. పేరులో నిద్ర అందుకే. దాని కాయ నల్లటిది, దళసరిది, పగలకుండా అలాగే రాలుతుంది. దిరిసెన కాయ గడ్డి రంగులో, కాగితంలా ఉంటుంది, గాలి వీస్తే గింజలు గలగలమంటాయి. ఆకులు రాలిన రోజుల్లో ఈ చెట్టును చెవితోనే గుర్తుపట్టవచ్చు.

సరే, కొమ్మ దగ్గరికి మళ్లీ వద్దాం. ఆకులు కొమ్మ మీద ఎలా కూర్చుంటాయి? ఏకాంతరం చూశాం, అభిముఖం చూశాం. మూడోది ఒకటుంది, ఒకే కణుపు చుట్టూ మూడు నాలుగు ఆకులో, ఇంకా ఎక్కువో. అది చక్రీయం. గన్నేరును తీసుకోండి, ఒక్కో కణుపు దగ్గర మూడేసి ఆకులు. పచ్చగన్నేరు పేరు విని అదీ అలాగే ఉంటుందనుకుంటాం. ఉండదు. దాని ఆకులు సన్నగా, నిగనిగలాడుతూ, కొమ్మ చుట్టూ ఒక్కొక్కటిగా మెలి తిరిగి వస్తాయి. రెండూ ఒకే కుటుంబం, రెండూ విషమే, అన్ని భాగాలూ విషమే. ఆకు తుంచితే చేతులు కడుక్కోండి. కళ్లు నలుపుకోకండి.

చక్రీయం అనగానే నాకు ఇష్టమైన ఉదాహరణ ఒకటుంది. ఏడాకుల పొన్న, తెల్ల బూరుగ. దూరం నుంచి చూస్తే రెండింటి కొమ్మ చివరా విప్పిన చెయ్యిలా, ఏడెనిమిది ఆకులు గుండ్రంగా పరుచుకుని ఉంటాయి. ఏది ఏదో ఎలా తెలుస్తుంది? చెప్పండి. అవును, మొగ్గ! దగ్గరికి వెళ్లి మొగ్గ ఎక్కడుందో చూడాలి. ఏడాకుల పొన్నలో ఆ ఏడూ ఏడు విడి ఆకులు, కొమ్మ చుట్టూ పుట్టినవి, కొమ్మ వాటి మధ్యలోంచి ఇంకా పైకి పోతుంది. ఏడే ఉండాలని లేదు, నాలుగు నుంచి ఎనిమిది దాకా చూడవచ్చు, చెట్టు మన పేరును పట్టించుకోదు. తెల్ల బూరుగలో ఆ ఏడూ కలిసి ఒకే ఆకు. అన్నీ ఒకే పొడవాటి కాడ చివర పుట్టాయి, మొగ్గ ఆ కాడ మొదట్లో ఉంది. ఒకటి ఏడు ఆకులు, ఇంకొకటి ఏడు పత్రకాలున్న ఒక్క ఆకు. పైగా ఏడాకుల పొన్న ఆకు తుంచితే తెల్లటి పాలు కారతాయి, బూరుగకు కారవు.

పాలు అన్నాను కాబట్టి ఆ సంగతి. ఆకు తుంచితే పాలు వస్తే, చెట్ల వరకు, ముందుగా రెండు వర్గాలు గుర్తుకు తెచ్చుకోండి. ఒకటి మర్రి, రావి, మేడి ఉన్న వర్గం. రెండోది గన్నేరు, దేవగన్నేరు, నందివర్ధనం, ఏడాకుల పొన్న ఉన్న వర్గం. రెండింటినీ విడదీసేది మళ్లీ అదే చోటు, ఆకు కాడ మొదలు. మర్రి వర్గంలో కొన మొగ్గను ఒక తొడుగు కప్పి ఉంటుంది. కొత్త ఆకు విచ్చుకోగానే ఆ తొడుగు రాలిపోతుంది, కొమ్మ చుట్టూ ఉంగరంలాంటి గీత మిగులుతుంది. రావి కొమ్మను వేళ్ల మధ్య పెట్టి తిప్పండి, ఆకు ఉన్న ప్రతి చోటా ఉంగరం. పనసకూ ఉంటుంది, అదీ ఆ కుటుంబమే. గన్నేరు వర్గానికి ఆ ఉంగరం లేదు.

ఎవరో అడుగుతున్నారు, కొంచెం గట్టిగా చెప్పండి. సంపెంగకు ఉంగరం ఉంది కదా అంటున్నారు. శభాష్. ఉంది. కానీ సంపెంగకు పాలు లేవు. ఒక్క గుర్తుతో తీర్పు చెప్పకూడదని నేను తర్వాత అందామనుకున్నాను, మీరు ముందే చెప్పించారు.

రావిని ఆకు రూపంతోనే పట్టేయవచ్చు, హృదయాకారం, పొడవాటి తోక. కానీ గాలి లేదనుకున్నప్పుడు కూడా రావి ఆకులు ఎందుకు కదులుతుంటాయో ఎప్పుడైనా ఆలోచించారా? కాడ చూడండి, పొడవుగా, సన్నగా ఉంది, కాస్త అణిగినట్టుంది. మర్రి ఆకు కాడ పొట్టిది, లావుది, అందుకే మర్రాకు అంత తేలిగ్గా ఊగదు. మర్రికి ఊడలుంటాయి నిజమే, కానీ కుర్ర మర్రికి, నరికి నరికి పెంచిన మర్రికి ఊడలు కనిపించకపోవచ్చు. అప్పుడు కాయలు చూడండి. ఎర్రటి గుండ్రటి కాయలు జతలు జతలుగా, కాడ లేకుండా, ఆకు మొదట్లో అంటుకుని ఉంటాయి. మేడికైతే కాయలు కాండం మీదే గుత్తులు గుత్తులుగా కాస్తాయి.

ముళ్ల దగ్గరికి వద్దాం. ముల్లు ఉందా లేదా అని చూసి వదిలేస్తారు చాలామంది. ముల్లు ఎక్కడి నుంచి వచ్చింది? అది అడగండి. కాగితం పూల తీగకు ముల్లు సరిగ్గా ఆకు పైమూలలో, మొగ్గ ఉండాల్సిన చోట వస్తుంది. అంటే అది కొమ్మ, ముల్లుగా మారిన కొమ్మ. మారేడుదీ అలాంటిదే. రేగులో, నల్ల తుమ్మలో ముళ్లు జంటగా, ఆకు కాడకు అటూ ఇటూ ఉంటాయి. అవి పత్రపుచ్ఛాలు మారి ముళ్లయినవి. రేగులో ఆ జంటలో తరచూ ఒకటి నిటారుగా, ఒకటి కొక్కెంలా వంగి ఉంటుంది, చెయ్యి పెడితే ఒకటి గుచ్చుతుంది, ఒకటి పట్టుకుంటుంది. గులాబీకైతే కొమ్మ మీద ఎక్కడపడితే అక్కడ వస్తాయి, అవి పైతోలు నుంచి పుట్టినవి, పక్కకు నెడితే ఊడి వస్తాయి. చూశారా, ముల్లనే ఒక్క మాటలో మూడు వేర్వేరు వస్తువులున్నాయి.

ఇప్పుడు అశోకం గొడవ. దాని గురించి మాట్లాడకుండా వదిలితే నాకు నిద్ర పట్టదు. నిటారుగా, స్తంభంలా, కొమ్మలు కిందికి వాలి ఉండే చెట్టును అందరూ అశోక అంటారు. అది నరమామిడి. ఆకు చూడండి, పొడవైనది, సన్నది, అంచు అలలు అలలుగా ఉంది. కాడ మొదట్లో మొగ్గ ఉంది. కాబట్టి ఇది పత్రకం కాదు, చీలని ఒక్క ఆకు, సరళ పత్రం. పువ్వులు లేత ఆకుపచ్చ నక్షత్రాలు, ఆరేసి రేకులు, ఆకుల్లో కలిసిపోయి ఎవరికీ కనిపించవు. అసలు అశోకానిది సంయుక్త పత్రం, జతలు జతలుగా పత్రకాలు. లేత ఆకులు ఊదా రంగు కలిసిన రాగి రంగులో, తడిబట్టలా మెత్తగా వేలాడతాయి. పువ్వులు నారింజ రంగుతో మొదలై ఎర్రబడే గుత్తులు. ఇంకో విచిత్రం, ఆ పువ్వుకు ఆకర్షణ పత్రాలే, అంటే రేకులే, లేవు. రంగుగా కనిపించే ఆ నాలుగూ రక్షక పత్రాలు. నరమామిడి సీతాఫలం కుటుంబం, అశోకం చిక్కుడు కుటుంబం. ఒకదాన్ని ఇంకొకటి అనడానికి ఏ దారీ లేదు, అయినా అంటూనే ఉంటాం.

పొదల గురించి త్వరగా చెప్పి బయటికి వెళదాం, ఎండ ఎక్కుతోంది. నూరువరహాల మొక్కకు ఆకులు అభిముఖం. ఎదురెదురు కాడల మధ్య, కొమ్మ మీద, చిన్న ముక్కోణపు పొర ఉంటుంది. అది చూస్తే కాఫీ కుటుంబం అని రాసుకోండి. ముస్సెండాకూ అది ఉంటుంది. లాంటానా కూడా అభిముఖమే, కానీ కొమ్మ నలుపలకలు, ఆకు గరుకు, నలిపితే ఘాటు వాసన. మందారం ఏకాంతరం, అంచుకు పళ్లు, పువ్వులో కేసరాలన్నీ కలిసి గొట్టంలా బయటికి పొడుచుకువస్తాయి. ముద్ద మందారంలో ఆ గొట్టం సరిగ్గా కనిపించదేమని అడగవచ్చు. అక్కడ కేసరాల్లో చాలా భాగం రేకులుగా మారిపోయాయి. కాగితం పూలలో రంగు రేకులు పువ్వు కాదు, పుచ్ఛాలు, అంటే పువ్వు మొదట్లో ఉండే రంగు ఆకులు. మధ్యలో ఉన్న సన్నటి తెల్ల గొట్టమే పువ్వు. దేవకాంచనం, కాంచనం రెండింటికీ ఆకు కొన రెండుగా చీలి ఉంటుంది, ఆకుతో వీటిని విడదీయడం నాకూ కష్టమే. ఇక్కడ పువ్వు కోసం ఆగాలి, ఒప్పుకుంటాను. దేవకాంచనం పువ్వులో మామూలుగా పుప్పొడి తిత్తులున్న కేసరాలు మూడు, రేకులు సన్నవి, ఎడంగా ఉంటాయి. కాంచనంలో కేసరాలు అయిదు, రేకులు వెడల్పు, ఒకదాని మీదికి ఒకటి వస్తాయి.

ఇంతసేపు ఆకు, ఆకు అన్నాను. అసలు ఆకే లేని చెట్టు వస్తే? ఇదిగో, సరుగుడు. ఈ పచ్చటి సూదులు ఆకులు కావు, కొమ్మలు. ఒకటి తీసుకుని లాగండి, కణుపు దగ్గర టక్కున విడిపోతుంది. ఆ కణుపు చుట్టూ సన్నటి పళ్లు కనిపిస్తున్నాయా? భూతద్దం ఉంటే చూడండి, ఆరు నుంచి ఎనిమిది దాకా ఉంటాయి. అవే ఆకులు. దీన్ని పైన్ చెట్టుకు బంధువనుకుంటారు. కాదు, ఇది పూల మొక్కే. ఇక ఈ రెండోది ఆస్ట్రేలియా తుమ్మ. కొడవలిలా వంగిన ఈ ఆకు ఆకు కాదు, పలచబడిన కాడ. విత్తనం నుంచి మొలిచిన కొత్తలో ఈ మొక్కకు నిజమైన ఈకల ఆకులే వస్తాయి. తర్వాత పత్రకాలు రావడం మానేస్తాయి, కాడ వెడల్పయి ఆ పని చేస్తుంది. నీలగిరి ఆకూ కొడవలిలాగే ఉంటుంది కదా, తేడా ఎలా? నీలగిరికి నడుమ ఒకే ఈనె, నలిపితే వాసన. తుమ్మకు పొడవునా నిలువుగా చాలా ఈనెలు, వాసన లేదు.

ఫొటో చూసి చెట్టు పేరు చెప్పే ఫోను యాప్‌ సంగతి ఎవరో అడుగుతారని తెలుసు. వాడండి, నేనూ వాడతాను. కానీ మీరు చెట్టు మొత్తాన్ని దూరం నుంచి తీసిన ఫొటో ఇస్తే అది మీ జకరాండాను తురాయి అంటుంది, నేను చేసిన తప్పే అదీ చేస్తుంది. కొమ్మకు ఆకు అతికిన చోటు ఒకటి, ఆకు వెనకవైపు ఒకటి, బెరడు ఒకటి, కాయ ఉంటే కాయ ఒకటి, ఇలా నాలుగు ఫొటోలు తీయండి. అది చెప్పిన పేరును తుది తీర్పు అనుకోకండి, ఆ పేరుగల చెట్టుకు ఉండాల్సిన గుర్తులు మీ ముందున్న చెట్టుకు ఉన్నాయా అని మీరే చూడండి. రెండేసి జవాబులున్న ప్రశ్నలతో దారి చీల్చుకుంటూ పేరు దాకా వెళ్లడం కొత్త పద్ధతి కాదు. ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త లామార్క్ 1778లో ఫ్రాన్సు మొక్కల కోసం ఇలాగే చేశాడు. సరళమా, సంయుక్తమా? ఏకాంతరమా, అభిముఖమా? పాలున్నాయా, లేవా? మూడు ప్రశ్నలకే చాలా చెట్లు జాబితాలోంచి తప్పుకుంటాయి.

ఇక లేవండి. ఈ ఆవరణలో నడుస్తూ కొత్త పేరు చెప్పే ముందు ప్రతివాళ్లూ నాకు మొగ్గ చూపించాలి. ఆకులు తుంచకండి, కింద రాలినవి చాలు. కాకపోతే ఒక చిక్కుంది, రాలిన ఆకుతో మొగ్గ రాదు, అది కొమ్మ మీదే ఉండిపోతుంది. కాబట్టి అందే కొమ్మను మెల్లగా వంచి చూసి వదిలేయండి. పొడుగ్గా ఉన్నవాళ్లు కొంచెం సాయం చేయండి. నీళ్ల సీసాలు మరిచిపోకండి.